ల్యాబులో షుగర్

“దీని ఒంట్లో ఏదో ఉందండీ. మీరు నవ్వండి, బాగా నవ్వండి. రేపు ఏ డాక్టరో పెదవి విరిచాక ఇద్దరం ఓ మూల కూర్చుని ఏడుద్దాం.”

అప్పటికింకా ఏమీ జరగలేదు. కూతురు పనికి వెళ్లింది, అంతే. వెళ్లేముందు పళ్లెంలో సగం వదిలేసింది. ఆ ఎంగిలి పళ్లెం చేత్తో పట్టుకుని తల్లి వంటింటి గుమ్మంలో నిలబడి, ముందు గదిలో కుట్టు మిషన్ తొక్కుతున్న భర్త వీపుతో పోట్లాడుతోంది.

“ఆకలి లేదేమోలేవే,” అన్నాడాయన, సూది మీంచి చూపు తిప్పకుండానే.

“ఎందుకు లేదు? నేనడిగేదీ అదే. పోయిన నెల మీరు కుట్టిన చొక్కా దాని భుజాల మీంచి జారిపోతోంది. కళ్లు లేవూ మీకు?”

“అది నా కుట్టు తప్పు.”

“మీ కుట్టు తప్పే అయితే నా అంత అదృష్టవంతురాలు లేదు.”

ఆమె మనసు అలాంటిది. ఫోను ఒక్కసారి మోగి ఆగిపోతే చాలు, చుట్టాల్లో ఎవరో ఒకర్ని పాడె మీద పడుకోబెట్టేసేది. కూతురికి దగ్గొస్తే ఊపిరితిత్తులు, తలనొప్పొస్తే మెదడు. ఇంట్లో వాళ్లు నవ్వుకునేవాళ్లు. కానీ ఆమె భయపడ్డవన్నీ అబద్ధాలు కాలేదు. భర్త కాలి వేలికి సూది గుచ్చుకుని పుండు పడ్డప్పుడు డాక్టరు దగ్గరికి పదండని ఆమె ఒక్కతే గోల పెట్టింది. చిన్న దెబ్బేగా అన్నాడాయన. అందరూ నవ్వారు. తీరా చూస్తే ఒళ్లంతా షుగర్. వేలు తీసేశాక మాత్రం ఒక్కరూ నవ్వలేదు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో షుగర్ అనే మాట గట్టిగా అనరు. ఒక మనిషి పేరు చెప్పినట్టు, వాడు వింటాడేమో అన్నట్టు, గొంతు తగ్గించి అంటారు.

పళ్లెం కడిగి వెనక్కి తిరిగేసరికి గూట్లో కూతురి తిండి డబ్బా కనిపించింది. మర్చిపోయిందా, కావాలని వదిలేసిందా? కావాలనే అని తేల్చుకుంది తల్లి. ఒళ్లు మండింది. డబ్బా సంచిలో వేసుకుని, “నేనే ఇచ్చొస్తా. నా కళ్ల ముందే తినిపించొస్తా,” అంటూ బయల్దేరింది.

కూతురు పనిచేసేది ఒక మేడ మీద, కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో. పళ్ల డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తే, ఇక్కడి ఆడపిల్లలు ఆ అచ్చులో ప్లాస్టరు పోసి, దాని మీద మైనంతో పన్ను చెక్కి, చివరికి పింగాణీ క్యాపులూ పళ్ల సెట్లూ చేసి తిరిగి పంపుతారు. తల్లి అక్కడికి రావడం అదే మొదటిసారి. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆమె అక్కడే ఆగిపోయింది. గోడల నిండా చెక్క అరలు. అరల నిండా తెల్లటి దవడలు. తలల్లేవు, ముఖాల్లేవు, వట్టి దవడలు నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి. బల్లల వెంబడి అమ్మాయిలు టోపీలు, మాస్కులు వేసుకుని వంగి పనిచేస్తున్నారు. బల్లల వెనక మైనం పెట్టుకునే చిన్న గది. పళ్లను అరగదీసే మిషన్ల రొద. గాలిలో తెల్లటి దుమ్ము. తన కూతురెవరో ఆమెకే తెలియలేదు.

యజమాని ఎదురొచ్చాడు. నలగని తెల్లకోటు, మంచి సెంటు వాసన, అంతకంటే మంచి నవ్వు. ఎవరని అడిగి తెలుసుకుని, “అయ్యో, రండమ్మా, నిలబడ్డారేంటి?” అని తనే కుర్చీ లాగాడు. ఎంత మర్యాదస్తుడు అనుకుందామె. అతను వెనక్కి తిరిగి కేకేశాడు.

“షుగర్! బయటికి రా. మీ అమ్మగారొచ్చారు.”

కూర్చోబోయిన తల్లి అలాగే నిలబడిపోయింది.

ఒక మిషన్ ఆగింది. ఎవరో మాస్కులోనే దగ్గారు. మూల బల్ల దగ్గర రబ్బరు గిన్నెలో ప్లాస్టరు కలుపుతున్న నడివయసు ఆడమనిషి తల ఇంకాస్త దించుకుంది. ఆమెను అక్కడందరూ ప్లాస్టరక్క అంటారని కూతురు ఎప్పుడో చెప్పింది. వాళ్లెవరూ తన వంక చూడకపోవడం తల్లి చూసింది. జబ్బు మనిషి ఇంటివాళ్ల వంక అలాగే చూడరు. ఆ సంగతి ఆమెకు ఆసుపత్రి బెంచీల మీద బాగా తెలిసొచ్చింది.

కూతురు వచ్చి డబ్బా అందుకుంది. తల్లి దాని మణికట్టు పట్టుకుని మెట్ల మీదికి లాక్కొచ్చింది.

“ఎన్నాళ్ల నుంచి?”

“ఏది?”

“నా ముందు వేషాలొద్దు. షుగర్!”

కూతురి మొహం పాలిపోయింది. “నీకెవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలా? నా చెవులతో విన్నాను. ఎన్నాళ్ల నుంచో చెప్పు ముందు.”

“చేరిన కొత్తల్లోనే మొదలైంది.”

“లోపల అందరికీ తెలుసా?”

“అందరికీ తెలుసు.”

“ఊరందరికీ తెలుసు, కన్నదానికి తప్ప! కొంచెమైనా తగ్గిందా?”

“తగ్గడమా?” కూతురు పక్క గోడ వంక చూస్తూ అంది. “రోజురోజుకీ ఎక్కువవుతోంది.”

“మరి నాతో ఎందుకు చెప్పలేదే?”

“చెప్తే మాన్పించేస్తావని.”

తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. “మాన్పించక? మాన్పించకుండా గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంటాననుకున్నావా?”

“చూశావా? ఇందుకే చెప్పలేదు. నాకు మానడం ఇష్టం లేదమ్మా. నన్నిలా వదిలెయ్యి.” చెయ్యి విడిపించుకుని అది లోపలికి వెళ్లిపోయింది.

మానడం ఇష్టం లేదట. తల్లి మెట్ల మీదే కూలబడింది. జబ్బు మానడం ఇష్టం లేని మనిషి ఉంటుందా? అంటే దీనికి బతకాలనే లేదా? పళ్లెంలో సగం వదిలేసేది అందుకా? ఏడుపు రావలసిన చోట ఆమెకు కోపం వచ్చింది. ఎప్పుడూ అంతే. ఆమెకు భయం ఎంత పెద్దదైతే కోపం అంత పెద్దదవుతుంది.

ఇంటికొచ్చి పంచదార డబ్బా అటక మీద పెట్టేసింది. సాయంత్రం కూతురికి చప్పటి టీ ఇచ్చింది. అది ఒక గుక్క తాగి గ్లాసు వంక, తల్లి వంక చూసింది. షుగరన్న మాట పట్టుకుని అమ్మ తనను దెప్పుతోందనుకుంది. మర్నాడూ చప్పటి టీయే. ఆ మర్నాడూ అంతే. భర్త మాత్రం సంబరపడ్డాడు.

“ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే ఈ కషాయం తాగేవాణ్ణి. ఇప్పుడు తోడు దొరికింది.”

“నోరు మూసుకుంటారా? మీ ఒంట్లోంచి వచ్చిందే దాని ఒంట్లోకి. ఆస్తి ఇవ్వకపోయినా అది మాత్రం ఇచ్చారు.”

ఆయన మిషన్ తొక్కడం ఆపేశాడు. ఆ మాట తగలరాని చోట తగిలింది. తగిలిందని ఆమెకూ తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

సెలవు రోజు పొద్దున్న కూతురు తల దువ్వుకుంటుంటే తల్లి, భర్త షుగర్ చూసుకునే చిన్న మిషన్ పట్టుకొచ్చి ఎదురుగా కూర్చుంది.

“వేలియ్యి.”

“ఎందుకు?”

“ఇయ్యమన్నానా?”

కూతురు తెల్లబోయి చూస్తుండగానే చిటికెన వేలు పట్టుకుని సూది గుచ్చింది. రక్తపు చుక్క పట్టీకి అంటించి, మిషన్ భర్త చేతికిచ్చింది. అంకె చూసే ధైర్యం లేక కళ్లు మూసుకుంది.

“ఏమే,” అన్నాడాయన నెమ్మదిగా, “ఇంత చక్కటి అంకె నాకు కలలో కూడా రాలేదు.”

“మిషన్ చెడిపోయింది.”

“పొద్దున్నేగా నేను చూసుకున్నది? నన్నెప్పట్లాగే తిట్టింది.”

ఇంకో వేలు పట్టుకుని మళ్లీ గుచ్చింది. మళ్లీ అదే. ఏ జబ్బూ లేని మనిషి రక్తం అది. ఊపిరి పీల్చుకోవలసిన తల్లి ఒక్కసారిగా లేచి నిలబడింది.

“మరి ఉందని ఎందుకు ఒప్పుకున్నావే? నా ప్రాణాలు తోడెయ్యడానికా? ఎన్నాళ్ల నుంచని అడిగితే చేరినప్పట్నుంచి అన్నావు. ఎక్కువవుతోందన్నావు!”

కూతురు తన వేళ్ల మీది రక్తాన్ని చూసుకుంది. నాన్న కాలు చూసింది. అటక మీది పంచదార డబ్బా చూసింది. అప్పుడు దానికి నవ్వొచ్చింది. పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఆ నవ్వు ఎక్కడో విరిగిపోయింది. మోకాళ్లలో మొహం పెట్టేసుకుంది.

“ఆ షుగర్ కాదమ్మా.”

“షుగర్లో ఎన్ని రకాలున్నాయే?”

“నా పేరది. ఆయన నాకు పెట్టిన పేరు. ఒకమ్మాయి హనీ. ఒకమ్మాయి క్యాండీ. స్వీటీ అని ఇంకొకామె ఉండేది, మానేసింది. నేను షుగర్. ఎవర్నీ సొంత పేరుతో పిలవడు. ఇంగ్లీషులో అది మర్యాదేనట, ప్రేమట. ఆయనే చెప్పాడు.”

తల్లికి వచ్చిన ఇంగ్లీషు కొంచెమే. అయినా ఆ మాటలు రావా? హనీ అంటే తేనె, బడి పుస్తకంలో సీసా బొమ్మ పక్కన ఉండేది. క్యాండీ అంటే చప్పరించే బిళ్ల. స్వీటీ అంటే మిఠాయిలాంటిదే ఏదో. షుగర్ పంచదార. ఒక్కొక్కటే మనసులో మన మాటలోకి మార్చుకుంటూ పోయింది. మార్చుకుంటున్నకొద్దీ మొహం ఎర్రబడింది.

“అన్నీ తినేవే,” అంది. “అన్నీ వాడు నోట్లో వేసుకునేవే.”

భర్త గొంతు సవరించుకున్నాడు. “పిలుపేగా...”

“మీరు మాట్లాడకండి! వేలు పుండైనప్పుడూ దెబ్బేగా అన్నారు.”

తర్వాత కూతురి ఎదురుగా నేల మీద కూర్చుంది. గొంతు తగ్గించింది.

“పిలిచి ఏం చేస్తాడు?”

కూతురు దూదితో వేలు నొక్కుకుంటూ కూర్చుంది. రక్తం ఎప్పుడో ఆగిపోయింది. అయినా నొక్కుతూనే ఉంది.

“నిన్నే అడిగేది. పిలిచి ఏం చేస్తాడే?”

మెట్ల మీద అనుకున్న మాటలన్నీ తల్లికి అప్పుడు తిరగబడి అర్థమయ్యాయి. అందరికీ తెలుసు. రోజురోజుకీ ఎక్కువవుతోంది. చెప్తే మాన్పించేస్తావు. తను జబ్బు మాన్పించడం అనుకుంది. అది ఉద్యోగం మాన్పించడం అంది.

“నాకా పని కావాలమ్మా,” అంది కూతురు దూది పక్కన పడేసి. అడిగినదానికి జవాబు కాదది. “నా చేతికొచ్చింది. ముందు పన్ను చెక్కితే అసలు పన్నుకీ దానికీ డాక్టరే తేడా పట్టలేకపోయాడు. ఇలా మధ్యలో మానేస్తే ఆయన ఇంకో ల్యాబులో చేరనివ్వడు. అందరూ ఆయనకి తెలిసినవాళ్లే. స్వీటీ ఇప్పుడు చెప్పుల కొట్లో డబ్బాలు సర్దుతోంది.”

రేపట్నుంచి గడప దాటావంటే కాళ్లు విరగ్గొడతాను. ఆ మాట తల్లి నాలుక చివరిదాకా వచ్చేసింది. కానీ అది తన మాట కాదు, తన తండ్రి మాట. బడికి పోయే దారిలో ఎవడో రోజూ ఈల వేస్తున్నాడని తెలిసి ఆయన తనను ఎనిమిదో తరగతిలో బడి మాన్పించేశాడు. ఈల వేసినవాడు ఆ తర్వాత కూడా అదే దారిలో, అదే సైకిలు మీద, హాయిగా ఈల వేసుకుంటూ తిరిగాడు. తను కిటికీ రెక్క వెనక నిలబడి ఆ ఈల వినేది. ఇన్నేళ్లయినా అది గుర్తొస్తే పళ్లు పటపటమంటాయి.

మర్నాడు కూతురితో పాటు తనూ చెప్పులు వేసుకుంది.

“అమ్మా, వద్దు. గొడవవుతుంది.”

“అవనీ.”

“నా పని పోతుంది.”

ఆ మాటకు ఆమె గడప దగ్గర ఆగి, మళ్లీ అడుగేసింది. దారి పొడవునా ఆమె మనసు ఆమెను భయపెడుతూనే వచ్చింది. పిల్ల పని పోతుంది, పేరు పోతుంది, వాడు మనుషుల్ని పంపుతాడు, పోలీసులొస్తారు, ఈయనకి షుగర్ పెరిగి ఇంకో వేలు పోతుంది. ఒక్కొక్క భయానికీ ఒక్కొక్క మెట్టెక్కుతూ పైకి చేరింది.

యజమాని ఎప్పటి నవ్వుతోనే ఎదురొచ్చాడు. “రండమ్మా, రండి. షుగర్, అమ్మకి కుర్చీ వెయ్యి.”

“కుర్చీ వద్దు. దాన్నేమన్నారు మీరు?”

“షుగరన్నాను. ఓహ్, అదా!” చేతులు కట్టుకుని మెత్తగా నవ్వాడు. “ముద్దుగా పిలుస్తామండీ. ఇక్కడ అందరం ఒక కుటుంబం. మాస్కులేసుకుంటే ఎవరు ఎవరో తెలీదు కదా, అందుకని తలా ఒక తియ్యటి పేరు. ఇంగ్లీషులో ఇవన్నీ మామూలే.”

“నాకు ఇంగ్లీషు రాదు. మన మాటలో పిలవండి.”

“అంటే?”

“షుగరంటే పంచదారే కదా? పిలవండి. ‘నా పంచదారా, ఇలా రా’ అనండి. నా ముందు, వీళ్లందరి ముందు అనండి. ఇక్కడ హనీ ఎవరమ్మా? నువ్వా? ఆ పిల్లని కూడా పిలవండి. ‘నా తేనే, దగ్గరికి రా’ అనండి. అక్కడ మర్యాదైన మాట ఇక్కడ కూడా మర్యాదగానే ఉండాలిగా?”

అతని నోరు తెరుచుకుంది. అరల్లోని దవడల్లా అలాగే ఉండిపోయింది. ఎవరో మాస్కు చాటున కిసుక్కున నవ్వి, వెంటనే నవ్వు మింగేశారు.

“అలా అంటే బాగోదండీ,” అన్నాడు చివరికి.

“ఎందుకు బాగోదు?”

“అది వేరు, ఇది వేరు.”

“ఏం వేరు? మీ నాలుక అదే కదా? ఇంగ్లీషులో అయితే జారుతుంది, మన మాటలో అంటుకుపోయిందేం? ఆ మాట అసలు రంగు మీకు తెలుసు. నాకు తెలీదనుకున్నారు, అంతేగా! ఆడపిల్లకి తల్లీ తండ్రీ పెట్టుకున్న పేరొకటి ఉంటుంది. అది మీ నోటికి బరువైందా?”

అతని మొహంలోంచి నవ్వు దిగిపోయింది. సెంటు వాసన మాత్రం మిగిలింది. “చూడమ్మా. నీకు చదువు లేదు, అర్థం కాదు. ఇక్కడెవరూ ఏ కంప్లైంటూ చెయ్యలేదు. నీ కూతురికి ఇష్టం లేకపోతే మానేసి పొమ్మను. తలుపు తెరిచే ఉంది.”

కూతురు అప్పుడే పెట్టుకున్న టోపీ తీసి చేత్తో పట్టుకుంది. పోవడానికి సిద్ధమైనట్టే ఉంది. తల్లి ఆ టోపీ లాక్కుని దాని తలకి మళ్లీ పెట్టింది. జుట్టు కూడా లోపలికి దోపింది.

“అది మానదు. పోతే మీరు పోవాలి.”

అని అతన్ని వదిలేసి బల్లల వైపు తిరిగింది. మాస్కుల పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

“నా కూతుర్ని అడిగాను, చెప్పలేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. ఈయన మిమ్మల్ని తేనె అని, పంచదార అని పిలిచి ఏం చేస్తాడు?”

ఒకదాని తర్వాత ఒకటి మిషన్లు ఆగిపోయాయి. గదిలో గాలి పంపు బుస తప్ప మరో చప్పుడు లేదు. ఒకమ్మాయి చేతిలోని పన్నును అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ఇంకొకామె మైనం కరిగించే గాజు దీపం మంట తగ్గిస్తోంది, తగ్గించడానికి ఏమీ మిగలకపోయినా. కూతురు నేల చూస్తోంది. యజమాని చేతులు కట్టుకున్నాడు. ఆ మౌనం మీద అతనికి నమ్మకం ఉంది. అది అతనికి చాలాకాలంగా తెలిసిన మౌనం. పెదవి చివర మళ్లీ చిన్న నవ్వు మొలిచింది.

మూల బల్ల దగ్గర ప్లాస్టరక్క గిన్నె పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. కలిపిన ప్లాస్టరు వెంటనే పోసెయ్యాలి, లేకపోతే గట్టిపడిపోతుంది. ఆమె పొయ్యలేదు. తల్లి చూస్తుండగానే గిన్నెలోది పెరుగులా బిగిసింది, తర్వాత రాయైంది. కలిపే బద్ద అందులో నిలువునా పాతుకుపోయింది. తల్లికి తెలిసిపోయింది, ఇక ఎవరూ మాట్లాడరని. పిల్ల పని పోయింది. తన నోటితో తనే పోగొట్టింది. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు.

ప్లాస్టరక్క గిన్నె బల్ల మీద పెట్టింది. దుమ్ము చేతులతోనే మాస్కు గడ్డం కిందికి లాగింది. నెరిసిన జుట్టు, అలసిన మొహం. ఆమె గొంతు చాలాకాలం వాడని తలుపులా కిర్రుమంది.

“మైనం గదిలోకి రమ్మంటాడమ్మా. పని నేర్పిస్తానని తలుపేస్తాడు. మొదటి హనీని నేనే.”